శెనక్కాయల గోడౌనులో అంతరిక్ష నౌక – మూడో పాఠం: పన్నెండు అడుగుల నడవ

ఫోను కెమెరాతో తీసే సినిమాకు అంతరిక్ష నౌక లోపలి సెట్టు కట్టుకునే పాఠాలివి. పోయిన పాఠంలో గీసిన ప్లాను ముందర పెట్టుకోండి. అందులో కాక్‌పిట్టు పక్కన ఒక పొడుగాటి డబ్బా గీసి, ‘నడవ’ అని రాసి వదిలేశాం. ఈసారి పని దానిదే.

నన్నడిగితే, ఓడ పెద్దదని నమ్మించేది కాక్‌పిట్టు కాదు, నడవ. కాక్‌పిట్టులో ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే అది కారైనా కావచ్చు, లారీ క్యాబిను అయినా కావచ్చు. నడవ ఆ కొసదాకా కనిపించిందంటే మాత్రం, లోపల ఇంకా ఎన్ని గదులున్నాయో అని చూసేవాడే మనసులో కట్టుకుంటాడు. వాడు కట్టుకున్న గదులకు మనకు పైసా ఖర్చు లేదు.

చోటు దగ్గరే చిక్కు. అనంతపురంలో మాకు దొరికింది తాడిపత్రి రోడ్డు పక్కన ఒక శెనక్కాయల గోడౌను. సగానికి బస్తాలే. కెమెరాకూ మనుషులకూ పోను నడవకు మిగిలింది 12 అడుగులు. దాన్ని 27 అడుగులున్నట్టు చూపించాం. లెక్క ఉంది, భయపడొద్దు, ఏడో తరగతి లెక్కే.

కమాన్ల లెక్క

రైలు పట్టాలు దూరం పోయేకొద్దీ దగ్గరికి వచ్చినట్టు కనిపిస్తాయి. మనం నిజంగానే దగ్గరికి తెచ్చేస్తే, కన్ను దాన్ని దూరం అనుకుంటుంది. కిటుకంతా ఇదే.

నడవకు ఐదు కమాన్లు. కెమెరా నుంచి మొదటి కమాను 8 అడుగుల దూరంలో, చివరిది 20 అడుగుల దూరంలో. మొదటిది 7 అడుగుల ఎత్తు, 5 అడుగుల వెడల్పు. చివరిది 4 అడుగుల ఎత్తే, వెడల్పు 2 అడుగుల 10 అంగుళాలు. చూసేవాడికి ఇది తెలియదు కాబట్టి అన్నీ 7 అడుగులవే అనుకుంటాడు. 20ని 7తో గుణించి 4తో భాగించండి, 35 వస్తుంది. చివరి కమాను 35 అడుగుల దూరాన ఉన్నట్టు కనిపిస్తుందన్నమాట. ముందున్న 8 తీసేస్తే నడవ 27 అడుగులు.

మధ్యలో మూడింటిని సమాన దూరంలో నిలబెట్టారో, గుట్టు బయటపడినట్టే. కొసకు పోయేకొద్దీ ఎడం కూడా తగ్గాలి. పై కొలతలకు సరిపోయే ఎడాలు వరసగా 53, 39, 29, 23 అంగుళాలు. కూడితే 144, అంటే మన 12 అడుగులే. మధ్య కమాన్ల ఎత్తుకు వేరే లెక్క అక్కర్లేదు. మొదటిదీ చివరిదీ నిలబెట్టి, మేస్త్రీ గోడకు దారం పట్టినట్టు నాలుగు మూలల నుంచి నాలుగు మూలలకు నైలాన్ దారం బిగించండి. మధ్యవి ఆ దారాలకు తగిలేట్టు కోసుకుంటే చాలు. మావి దాదాపు 5 అడుగుల 11 అంగుళాలు, 5 అడుగుల 1 అంగుళం, 4 అడుగుల 6 అంగుళాలు వచ్చాయి.

ఇక్కడ మేం బోల్తా కొట్టిన సంగతి చెప్పాలి. కమాన్లన్నీ నేల మీదే నిలబెట్టి, కెమెరాను ఎప్పటిలా ఛాతీ ఎత్తున పెట్టాం. తెరమీద చూస్తే నడవ కాస్తా బావిలోకి దిగే మెట్లదారిలా ఉంది! కారణం ఆ రాత్రి ఉగ్గాని తింటూ కూర్చుంటే గాని తట్టలేదు. లెన్సు ఎత్తు నుంచి నేల వరకు ఉన్న దూరం కూడా అదే పాళ్లలో తగ్గాలి. లెన్సు 4 అడుగుల ఎత్తున ఉంటే, ఆ 4 అడుగులు కొసన 2 అడుగుల 3 అంగుళాలు కావాలి. అంటే చివరి కమాను కింద నేల 20 అంగుళాల పైగా లేవాలి. అంత ఎత్తు వాలు మీద ఎవరు నడుస్తారు? అదే లెన్సును నేల నుంచి 1 అడుగు ఎత్తుకు దించితే, కొసన నేల లేవాల్సింది 5 అంగుళాలే. ఇటుకల మీద ప్లైవుడ్డు పరిస్తే సరిపోతుంది. పైగా కింది నుంచి చూస్తే ఓడ ఇంకా పెద్దగా కనిపిస్తుంది. ఫోను కొంచెం పైకి వంచి పెట్టండి, మొదటి కమాను నిండుగా దొరుకుతుంది. ఆ కమానుకు రెండు పక్కలా మూడేసి అడుగుల గోడ ముక్క ఉండాలి, లేకపోతే మీ అంతరిక్షంలో శెనక్కాయల బస్తాలు కనిపిస్తాయి.

కమానుకు కట్టె ఏదంటే 2 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం ఉన్న రీపర్లు, అంటే సన్నటి కట్టె పట్టీలు. మూలలకు ప్లైవుడ్డు ముక్కలు. పై రెండు మూలలూ ఏటవాలుగా కోయడం మరవద్దు. ఇది అందానికి కాదు. నిజమైన ఓడలో లోపల గాలి, బయట శూన్యం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో సముద్రమట్టం దగ్గరున్నంత గాలి ఒత్తిడే ఉంచుతారు. అది ప్రతి చదరపు అడుగు మీద దాదాపు ఒక టన్ను బరువు లోపలి నుంచి తోస్తున్నట్టు లెక్క. ఆ తోపుడు తట్టుకోవడానికే అలాంటి ఓడల ఒళ్లు గుండ్రంగా ఉంటుంది, నలుపలకగా చేస్తే మూలల దగ్గర ఒత్తిడి పేరుకుంటుంది. చూసేవాడికి ఈ లెక్క తెలియకపోయినా, నిలువు మూలలున్న కమానును చూస్తే వాకిలి గుర్తొస్తుంది, మూల తెగిన కమానును చూస్తే ఓడ గుర్తొస్తుంది.

గోడలకు ఏం కొట్టాలి

కమానుకూ కమానుకూ మధ్య పాత ఫ్లెక్సీ బిగించండి, తెల్ల వెనకవైపు లోపలికి వచ్చేట్టు. మా ఓడను బయటి నుంచి చూస్తే ఒక నాయకుడు రెండు చేతులూ జోడించి పుట్టినరోజు శుభాకాంక్షలు అందుకుంటూ ఉంటాడు. కెమెరా అటు పోదు కాబట్టి ఆయన ఉన్నాడని మాకే తెలుసు.

దానిమీద అతికించేవాటి కోసం ఊళ్లోకి పోదాం. సినిమా సామాను అద్దెకిచ్చే చోట్ల అడగొద్దు. మన జిల్లాకు ఏవి ఎక్కువో అవే మన సామాను. కక్కలపల్లి టమోటా మార్కెట్టు చుట్టుపక్కల విరిగిన ప్లాస్టిక్ క్రేట్లు గుజిరీకి చేరుతుంటాయి. చీనీ తోటల్లో మార్చి పారేసిన డ్రిప్ పైపులు, ఫిల్టర్ డబ్బాలు, వాల్వులు కూడా అక్కడికే వస్తాయి. తూకమేసి ఇస్తారు. మేం ఏరుతుంటే అంగడాయన అడిగినాడు:

“ఏంటికన్నా ఇవన్నీ?”

“అంతరిక్షంలోకి పోయే ఓడకన్నా.”

“యాడిదాకా పోతాదది?”

“యాడికీ పోదులే అన్నా, రెండ్రోజులు నిలబడితే చాలు.”

ఒక క్రేటు గోడకు తగిలిస్తే అది టమోటా క్రేటే. పన్నెండు క్రేట్లు బోర్లించి, సందు లేకుండా, ఒకే రంగేసి వరస పెడితే అదేదో యంత్రం. వస్తువు ఒంటరిగా ఉంటే దాని పేరు గుర్తొస్తుంది, గుంపులో పేరు పోతుంది. అందుకే పది రకాలు తలా ఒకటి తేవద్దు. మూడే రకాలు, గంపలకొద్దీ తెండి.

మన నడవలో ఇంకొక మెలిక ఉంది. అదే సైజు క్రేటు ముందూ కనిపించి, కొసనా కనిపించిందంటే దూరం అబద్ధమని తేలిపోతుంది. అందుకని మొదటి ఎడంలో క్రేట్లు, రెండో దాంట్లో ముప్పై గుడ్లు పట్టే అట్టలు, ఆ తర్వాత జకార్డు అట్టలు. గళ్లు చిన్నవవుతూ పోతాయి, కన్ను దాన్నీ దూరమే అనుకుంటుంది.

జకార్డు అట్టల గురించి కాస్త ఆగి చెప్పాలి. ధర్మవరంలో పట్టుచీర అంచు మీద పువ్వు ఎక్కడ రావాలో మగ్గానికి చెప్పేది ఈ చిల్లుల అట్టలే. చిల్లు ఉంటే ఒక పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఫ్రాన్సులో జకార్డు అనే ఆయన ఈ మగ్గాన్ని 1804లో చేశాడు. ఆ అట్టల ఊహనే చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి తీసుకున్నాడు, ఆ తర్వాత ఎన్నో ఏళ్లు కంప్యూటర్లు చిల్లుల కార్డులతోనే నడిచాయి. కాబట్టి ధర్మవరం అట్టలను ఓడ గోడకు పెట్టడం మోసం కాదు, కంప్యూటర్ తాతను ఇంటికి పిలుచుకొని రావడం. వాడేసి పక్కన పడేసిన అట్టలుంటే నేతన్నలను అడగండి, వాడుకలో ఉన్నవి మాత్రం ముట్టొద్దు, వరస తప్పితే ఒక డిజైనే పోతుంది. వెనక దీపం పెడితే ఆ చిల్లులు వెలిగే తీరు చూడాలి. దీపాల సంగతి వచ్చే పాఠంలో.

డ్రిప్ పైపులు నల్లవి, 16 మిల్లీమీటర్లవి దొరికితే కేబుళ్ల కింద పనికొస్తాయి. నాలుగైదు కలిపి, జానెడుకొక చోట బిగించి, కమానులోంచి కమానుకు తీసుకుపోండి. వేలాడనివ్వద్దు. బరువే లేని చోట పైపు కిందికి జారదు.

రంగు, జిగురు, మురికి

థర్మోకోలు మీద స్ప్రే డబ్బా రంగు కొట్టారంటే కళ్లముందే కరిగి గుంటలు పడుతుంది, అందులోని ద్రావకం దాన్ని తినేస్తుంది. ముందు నీళ్లలో కలిసే డిస్టెంపర్‌లో కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయండి. క్రేట్ల ప్లాస్టిక్‌కు ఏ రంగూ గట్టిగా పట్టదు. ఎమరీ కాగితంతో గరుకు చేసి వేస్తే షూటింగ్ అయ్యేదాకా ఆగుతుంది, ఆ తర్వాత పెచ్చులూడినా మనకేం. రంగు ఒకటే ఉండాలి, లేత బూడిద. తెలుపు వద్దు, ఫోను కెమెరాలో వెలిసిపోయి గళ్లన్నీ మాయమవుతాయి.

గ్లూగన్‌ను నమ్మి నేను చెడ్డాను. ఏప్రిల్ నెల, రేకుల కప్పు, మిట్టమధ్యాహ్నం. రెండో సీను తీస్తుండగా గుడ్ల అట్టలు ఒక్కొక్కటే మెత్తగా జారి, హీరో భుజం మీద వాలాయి. మన ఎండలకు ఆ జిగురు ఆగదు. బరువున్న దేనికైనా బైండింగ్ వైరు, ప్లాస్టిక్ ట్యాగులు వాడండి. థర్మోకోలు ఉన్న సెట్లో హాలోజన్ దీపం పెట్టొద్దు, ఇసుక బక్కెట్టు దగ్గరుంచుకోండి.

కొత్త రంగు కొత్తదిలాగే కనిపిస్తుంది, మురికి చేయాలి. సాధారణంగా గోడకు పాతదనం తేవాలంటే పైనుంచి కిందికి చారలు గీస్తారు. ఓడలో అది తప్పు. బరువు లేనప్పుడు నీరు కారదు, దుమ్ము నేలకు దిగదు. అంతరిక్ష కేంద్రంలో దుమ్ము పోయి పేరుకునేది గాలిని లాక్కునే జాలీల దగ్గర. కాబట్టి నల్లరంగు బాగా పలచన చేసి జాలీల అంచులకూ, చేతులు పట్టుకునే చోట్లకూ పూసి గుడ్డతో తుడిచేయండి.

ఇక లేబుళ్లు. నిజమైన ఓడల్లో ప్రతి మూతకూ, ప్రతి తీగకూ పేరో నెంబరో ఉంటుంది. చిన్న అక్షరాలు, చుట్టూ గీత, పక్కన అంకె. మేం తెలుగులోనే వేశాం: ‘గాలి వాల్వు 4’, ‘ఒత్తిడి చూడక తెరవరాదు’. ఇంగ్లీషులో వేస్తేనే ఓడలా ఉంటుందని మా కెమెరా కుర్రాడు చాలాసేపు వాదించాడు. అచ్చయి అతికించాక మాట్లాడలేదు.

నటులు రెండో కమాను దాటకూడదు. దాటితే మనిషి ఆంజనేయస్వామిలా పెరిగిపోతాడు. కొసన ఎవరో ఒకరు కదులుతుండాలంటే నాలుగో కమాను దగ్గర 3 అడుగుల 9 అంగుళాల పిల్లవాడిని అవే బట్టలతో నిలబెట్టండి, 5 అడుగుల 10 అంగుళాల పెద్దమనిషిలా కనిపిస్తాడు. మా అక్క కొడుకు బాగానే చేశాడు గానీ, ప్రతి టేకు చివర్లో ఒకసారి ముక్కు తుడుచుకున్నాడు.

వచ్చే పాఠానికి పని: రీపర్లు కోసేముందు, అడుగుకు అంగుళం లెక్కన అట్టతో ఐదు కమాన్లూ కోసి బల్లమీద నిలబెట్టండి. లెన్సు బల్లకు అంగుళం ఎత్తున రావాలి కాబట్టి ఫోను తలకిందులుగా పట్టుకొని, 8 అంగుళాల దూరం నుంచి ఫొటో తీయండి. మీ ఇంట్లో వాళ్లకు చూపించి పొడవెంతో అడగండి. వాళ్లు నమ్మలేదంటే ఎడాలు మళ్లీ కొలవండి, కట్టె జోలికి అప్పుడే పోవద్దు. ఈలోగా పాత బోరు మోటారు స్టార్టరు డబ్బా ఒకటి సంపాదించి ఉంచుకోండి, పచ్చ, ఎర్ర బటన్లు రెండూ ఉన్నది. లోపల కెపాసిటర్ ఉంటే మీరు చెయ్యి పెట్టొద్దు, తీగ తీసేసినా అందులో కరెంటు నిలిచి ఉండొచ్చు. మోటార్లు బాగుచేసే ఆయన చేతనే ఊడదీయించండి.