తండాకు ఆరోగ్య గ్రాంటు తేవాలంటే ఎలా?

మా మొదటి గ్రాంటులో హెల్త్ క్యాంపు జనవరిలో పెట్టుకున్నాం. డబ్బిచ్చినవాళ్లు మార్చిలోపు ఖర్చయిపోవాలన్నారు, మేం తలూపాం. డాక్టరమ్మను, హిమోగ్లోబిన్ మీటరును వెంటేసుకుని కర్నూలు జిల్లా కోసిగి పక్క ఊరికి వెళ్తే ఇంటింటికీ తాళం. జనమంతా సుగ్గికి పోయారు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. ఊళ్లో మిగిలింది ముసలివాళ్లు, వాళ్లకు అప్పగించిన పిల్లలు. ఆ రోజు రక్తపరీక్ష చేయించుకున్నది పదకొండు మంది. ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ని, ఆ మాత్రం తట్టలేదు నాకు.

కాబట్టి దరఖాస్తు ఫారం సంగతి తర్వాత. ముందు ఒక నోటుపుస్తకం కొనండి.

మొదటి పని: ఊరి లెక్క

‘మా ప్రాంత ప్రజలు రక్తహీనతతో బాధపడుతున్నారు’ అని రాస్తే ఎవరూ రూపాయి ఇవ్వరు. ఆ మాట అందరూ రాస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. జిల్లాల వారీ పట్టికలు కూడా నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. జిల్లా అంకె పక్కన మీ తండా అంకె కూడా పెడితేనే చదివేవాళ్లు ఆగుతారు.

ఆశా కార్యకర్తనూ ఏఎన్ఎంనూ (ఊరికి వచ్చే సర్కారు నర్సమ్మను) కలిసి కూర్చోబెట్టి అడగండి. గర్భిణులు ఎంతమంది, హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువున్నవాళ్లెందరు (అంటే రక్తహీనత), 7 కంటే కూడా తక్కువున్నవాళ్లెందరు (అది తీవ్రం). ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీ) ఆటో చార్జి ఎంత, వెళ్లిన రోజు కూలి ఎంత పోతుంది. ఈ చివరి రెండు ప్రశ్నలు చాలామంది వదిలేస్తారు. మండల కేంద్రంలో ఉన్నామెకూ తండాలో ఉన్నామెకూ తేడా ఎక్కడుందో తేలేది అక్కడే.

ఇంకో మాట. ‘ఐరన్ మాత్రలు ఇచ్చారా?’ అంటే అందరూ ఇచ్చారంటారు. ‘మింగారా?’ అని అడగండి. మేమడిగితే ఒకామె లోపలికెళ్లి, దేవుడి గూట్లోంచి షీట్లు తెచ్చి చూపించింది. మొదటి మాత్ర తప్ప ఒక్కటీ చింపలేదు. మొదటిరోజు కడుపులో తిప్పిందట, విరేచనం నల్లగా వచ్చిందట, భయపడి మానేసింది. ఆమె తోడికోడలు మాత్రం రోజూ మింగుతోంది, కాకపోతే టీతో. టీతో వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదని ఆమెకెవరూ చెప్పలేదు. అంతకుముందు మేం రాసుకున్న బడ్జెట్‌లో మాత్రలకే సగం డబ్బు పెట్టాం. ఆ షీట్లు చూశాక ఆ పద్దు కొట్టేశాం. సర్కారు ఉచితంగా ఇస్తున్నదానికి మళ్లీ గ్రాంటెందుకు? వారానికోసారి ఇంటికెళ్లి, మాట్లాడి, మింగించే మనిషికి అడిగాం.

లెక్క రాసేటప్పుడు ఆడవాళ్ల పేర్లు దరఖాస్తులోకి ఎక్కనివ్వకండి. ఫొటో తీయాలంటే అడిగి తీయండి.

రెండో పని: దగ్గర్లో ఉన్న డబ్బు

ప్రతి గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీకి జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఏడాదికి 10,000 రూపాయలు కేటాయించే పద్ధతి ఉంది. మీ ఊళ్లో ఆ కమిటీ ఉందా, ఖాతా నడుస్తోందా అని సర్పంచినీ ఏఎన్ఎంనూ అడగండి. చిన్న మొత్తమే. కానీ తీర్మానం, బిల్లులు, లెక్క పక్కాగా ఉంటే రేపు పెద్ద దాతకు చూపించే మొదటి కాగితం అదే అవుతుంది.

ఎర్రగుంట్ల, తాడిపత్రి లాంటి సున్నపురాయి గనులున్న ప్రాంతం మీదైతే జిల్లా ఖనిజ నిధి గురించి తెలుసుకోండి. గనులవాళ్లు కట్టే రాయల్టీ మీద అదనంగా, లీజును బట్టి 10 లేదా 30 శాతం ఈ నిధికి జమవుతుంది. గనుల వల్ల నష్టపోయే ఊళ్ల కోసమే ఈ డబ్బు, అందులో ఆరోగ్యానికి ముందువరస. అర్జీ కలెక్టర్ కార్యాలయంలో ఇవ్వాలి. పంచాయతీ తీర్మానం జత చేస్తే బరువు పెరుగుతుంది.

ఎంపీ నిధుల నుంచి జీతాలు అడగొద్దు. అవి కట్టడాలకు, పరికరాలకు.

మూడో పని: సంస్థ కాగితాలు

ఇక్కడే టెన్షన్. సంఘం లేకపోతే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులతో రిజిస్టర్ చేయించుకోవాలి. తర్వాత పాన్, బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను శాఖ నుంచి సంస్థకూ దాతకూ పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు (1961 చట్టంలో 12ఎ, 80జి), స్వచ్ఛంద సంస్థలు పేరు నమోదు చేసుకునే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నంబరు. కంపెనీలు సామాజిక పనులకిచ్చే డబ్బు (సీఎస్ఆర్) తీసుకోవాలంటే సీఎస్ఆర్-1 ఫారం కూడా నింపాలి, దాన్ని చార్టర్డ్ అకౌంటెంటో కంపెనీ సెక్రటరీయో కాస్ట్ అకౌంటెంటో ధ్రువీకరించాలి.

ఒక మెలిక ఉంది. కంపెనీ డబ్బు తీసుకునే బయటి సంస్థకు ఆ రకం పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలని నిబంధన. నిన్న పుట్టిన సంఘానికి దారి మూసినట్టేనా అంటే, కాదు. అర్హత ఉన్న పాత సంస్థ ఒకటి చూసుకుని, దరఖాస్తు వాళ్ల పేరున, ఊళ్లో పని మీ చేత అని ఒప్పందం రాసుకోండి. నోటిమాట మీద వెళ్లకండి. డబ్బు వచ్చాక చుట్టాలు కూడా మారిపోతారు.

విదేశీ డబ్బు మాత్రం ఇప్పుడు తలపెట్టకండి. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా ఒక్క రూపాయి తీసుకున్నా నేరమే.

నాలుగో పని: కంపెనీ తలుపు తట్టడం

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. తమ చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. మీ దగ్గర్లోని సిమెంటు ఫ్యాక్టరీతో మొదలుపెట్టండి. కొత్త బడ్జెట్ ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరిల్లోనే కలవడం మేలు.

ప్రతిపాదన రెండు పేజీలు చాలు. బడ్జెట్ మీద మాత్రం ఒక రాత్రి కూర్చోండి. ‘ఇతర ఖర్చులు: 40,000’ అనే ఒక్క వరుస మొత్తం ప్రతిపాదనను ముంచుతుంది. వంద మందికి మూడుసార్లు పరీక్షంటే 300 స్ట్రిప్పులు, పాడయ్యేవాటికి ఇంకో 30 అని రాయండి. ఆటో ఎన్ని ట్రిప్పులు, ట్రిప్పుకు ఎంత. ఇంటింటికీ తిరిగే అమ్మాయికి గౌరవ వేతనం ఎన్ని నెలలు. తీవ్ర రక్తహీనత బయటపడితే ఎక్కడికి పంపుతారో కూడా పేరు పెట్టి రాయాలి. మాకు ఆదోని ఏరియా ఆస్పత్రి, అది దాటితే కర్నూలు పెద్దాస్పత్రి. అనంతపురం వైపువాళ్లు బత్తలపల్లి ఆర్డీటీ ఆస్పత్రివాళ్లతో ముందే మాట్లాడుకోవచ్చు.

క్యాలెండర్‌ను దాత ఆర్థిక సంవత్సరానికి కాకుండా సుగ్గికి కట్టండి. మేమైతే రెండో గ్రాంటులో పరీక్షలన్నీ జూన్ నుంచి నవంబరు మధ్యకు జరిపాం. సుగ్గికి వెళ్లేవాళ్లకు మూణ్నెల్ల మాత్రలు, ఒక ఫోన్ నంబరు చేతిలో పెట్టి పంపాం. దాతకు ఇదంతా వివరిస్తే విసుక్కుంటారనుకున్నాను. వాళ్లకు నచ్చింది ఆ పేరానే.

డబ్బు వచ్చాక

విడి ఖాతా తెరవండి, చెక్కు మీద ఇద్దరి సంతకాలు పెట్టండి. బిల్లు లేని ఖర్చు వద్దు. ఆటో డ్రైవర్ బిల్లివ్వడు కాబట్టి వోచర్ పుస్తకంలో అతని సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రాన్ని దాత అడగకముందే అకౌంటెంట్ చేత సిద్ధం చేయించండి. రెండో విడత ఆగేది ఎక్కువగా దీని దగ్గరే.

లెక్కల జిరాక్సు ఒకటి పంచాయతీ ఆఫీసులో ఉంచండి. ఉగాదికి అందరూ ఊరు చేరాక రచ్చకట్ట దగ్గర చదివి వినిపించండి. మేం చదివినప్పుడు ఆటో పద్దు దగ్గర ఒక ముసలాయన ఆపి, ‘ఆ ట్రిప్పు రాలేదు కదప్పా’ అన్నాడు. వోచరు తీసి చూశాం. నిజమే, రాలేదు. అప్పటికప్పుడు కొట్టేశాం.