పుట్టగొడుగు ప్రోటీన్ పొరలు – 4వ పాఠం: కడ్డీ వెడల్పు కొలవడం

పోయిన పాఠంలోని బొమ్మ చూసి చాలామంది రాడ్‌లెట్ (ప్రోటీన్ పేరుకుని ఏర్పడే సన్నని కడ్డీ) వెడల్పు 24 నానోమీటర్లని పంపారు. కొలత సరిగ్గానే తీశారు, కానీ తీసిన చోటు సరైంది కాదు. ఈసారి ముందు ఆ చిక్కు విప్పుదాం.

స్కిజోఫిల్లమ్ కమ్యూన్ అనే పుట్టగొడుగు తయారుచేసే ఎస్‌సీ3 లాంటి మొదటి తరగతి హైడ్రోఫోబిన్లు (నీటిని అంటనివ్వని శిలీంధ్ర ప్రోటీన్లు), నీరూ గాలీ కలిసే చోట చేరి కడ్డీలుగా పేరుకుంటాయి. ఆ కడ్డీ అసలు వెడల్పు దాదాపు 10 నానోమీటర్లే. మిగతాది అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ (సన్నని సూదితో ఉపరితలాన్ని తడిమి బొమ్మ గీసే పరికరం) సూది కలిపింది.

ఆ సూది మొన గుండ్రంగా ఉంటుంది. చీకట్లో గచ్చు మీది చీపురుపుల్లను బొటనవేలితో తడిమి చూడండి. వేలి మధ్యభాగం పుల్ల దగ్గరికి రాకముందే దాని పక్క తగులుతుంది, దాటాక కూడా కాసేపు వదలదు. పుల్ల లావుగా తోస్తుంది. మొన వ్యాసార్ధం 10, కడ్డీ ఎత్తు 3 నానోమీటర్లు అనుకోండి. రెంటి లబ్ధానికి రెట్టింపు 60, అందులో ఎత్తు వర్గం 9 తీసేస్తే 51, దాని వర్గమూలం 7 చిల్లర. ఒక్కో పక్క 7 చొప్పున 14, అసలు 10తో కలిపితే మీ 24! ఎత్తుకు ఈ బాధ లేదు, సూదిని గట్టిగా నొక్కకపోతే చాలు.

అందుకే ఒంటరి కడ్డీని కొలవకండి. చాపలా పక్కపక్కనే పరుచుకున్న చోట, కడ్డీలకు అడ్డంగా గీత గీసి, ఆ గీత వెంబడి ఎత్తుల్లో 11 శిఖరాలు లెక్కపెట్టి, మొదటిదానికీ చివరిదానికీ మధ్య దూరాన్ని 10తో భాగించండి. శిఖరానికీ శిఖరానికీ మధ్య దూరాన్ని సూది సాగదీయలేదు. గీత 30 డిగ్రీలు వాలితే మాత్రం 10 కాస్తా 11.5 అవుతుంది. ఫోరియర్ పద్ధతిలో (బొమ్మలో మళ్లీ మళ్లీ వచ్చే దూరాన్ని గణితంతో పట్టే పద్ధతి) తేల్చేవాళ్లున్నారు. నాకు మాత్రం గీతే ఇష్టం, కడ్డీలు వంకర తిరిగిన చోటు కంటికి కనిపిస్తుంది కదా.

ట్రైకోడెర్మా రీసై అనే బూజు తయారుచేసే హెచ్‌ఎఫ్‌బీ1 హైడ్రోఫోబిన్ పొరలో కడ్డీలు వెతక్కండి. అది రెండో తరగతి, అక్కడ ఉండేది తేనెపట్టు లాంటి ఆరుమూలల అమరిక.

అభ్యాసం: 1 మైక్రోమీటరు బొమ్మలో వరసకు 256 పిక్సెళ్లు. ఒక్కో కడ్డీకి ఎన్ని పిక్సెళ్లు వస్తాయి? అయిదు రావాలంటే బొమ్మను ఎంతకు కుదించాలి? ఆ తర్వాత మొన అరిగి వ్యాసార్ధం 20కి చేరితే, ఒంటరి కడ్డీ ఎంత వెడల్పుగా కనిపిస్తుందో లెక్కకట్టి పంపండి.