లారీ హీటెక్కుతోందా? హెడ్ దింపే ముందు ఫ్యాన్ చూడండి

ఏటా మార్చి రాగానే మా హైదరాబాద్ ఆటోనగర్ షెడ్డు ముందు పాత లారీలు వరస కడతాయి. "అన్నా, బండి హీటెక్కుతోంది" అంటారు. అంతవరకూ సరే. ఆ తర్వాతి మాటకే నాకు ఒళ్లు మండుతుంది: "థర్మోస్టాట్ తీయించేశాం, రేడియేటర్ మార్పించాం, అయినా తగ్గలేదు." (రేడియేటర్ అంటే ఇంజన్ నీళ్లను చల్లబరిచేది, థర్మోస్టాట్ అంటే ఆ నీళ్లు వేడెక్కాక దారి తెరిచే వాల్వు.) ఏది పాడైందో చూడకుండా చేతికందినదల్లా మారిస్తే జేబు ఖాళీ అవుతుంది కానీ గేజిలో ముల్లు దిగదు.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. టార్చి, స్పానర్లు, టెస్ట్ ల్యాంపు, ఒక పల్చటి అట్టముక్క, టెంపరేచర్ గన్ చాలు. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన గన్ పనికిరాదు, అది జ్వరం దాటితే చేతులెత్తేస్తుంది. ఇంజన్లకు వాడేది వేరే దొరుకుతుంది.

ముందు డ్రైవర్‌ని అడగండి

ఎక్కడ హీటెక్కుతోంది? ఎల్బీ నగర్ ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు ఎక్కి, విజయవాడ హైవే మీద 50, 60లో పోతుంటే దిగుతోందంటే గాలి సమస్య. బండి పరుగులో ఉంటే గాలి దానంతటదే రేడియేటర్‌లో దూరుతుంది, ఆగితే ఫ్యానే లాగాలి. కాబట్టి అనుమానం ఫ్యాన్ మీదే. అలా కాకుండా హైవే మీద లోడుతో పోతున్నప్పుడే ఎక్కుతోందంటే నీళ్లు సరిగా తిరగడం లేదన్నమాట: రేడియేటర్ గొట్టాలు పూడటమో, పంపు, థర్మోస్టాట్ చెడటమో. ఘాట్‌లో మాత్రమే ఎక్కితే రెండూ చూడాలి. ఈ ఒక్క ప్రశ్నతో సగం పని అయిపోతుంది, అయినా అడిగేవాళ్లు తక్కువ.

తర్వాత, నిజంగానే వేడెక్కుతోందా? హెడ్‌లైట్లు వేయగానే ముల్లు పైకి లేస్తే అది వేడి కాదు, ఎర్త్ వైరు లూజు. పైపు దగ్గర గన్ పెట్టి చూసి గేజితో పోల్చుకోండి.

ఇంజన్ చల్లగా ఉండగా చూసేవి

నీళ్లు నిండుగా ఉన్నాయా, ఎక్కడైనా కారుతున్నాయా చూడండి. ఫ్యాన్ బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే 10 నుంచి 15 మిల్లీమీటర్లు దిగాలి. లోపలి వైపు అద్దంలా మెరుస్తుంటే అది జారుతున్న బెల్టు, మార్చేయండి. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ తడి ఉంటే పంపు సీలు పోయినట్టే. రేడియేటర్ ముందు దుమ్ము, పురుగులు, పత్తి పేరుకుని ఉంటే ఇంజన్ వైపు నుంచి బయటికి కడగండి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది. నీళ్లు కొట్టే సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే రేడియేటర్ రెక్కలు ఒరిగిపోతాయి, జాగ్రత్త.

అసలు పని: ఫ్యాన్

పాత బండ్లలో కొన్నింటికి ఫ్యాన్ పంపు పుల్లీకి నేరుగా బిగించి ఉంటుంది. అక్కడ చూడాల్సింది బెల్టు, రెక్కలు, ఫ్యాన్ చుట్టూ ఉండే కవరు. ఆ కవరు విరిగిందని తీసి పారేస్తారు. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్‌లోంచి లాగాల్సిన గాలిని పక్కనుంచి లాగుతుంది. ఫ్యాన్‌ను తిరగేసి బిగించిన బండ్లు కూడా చూశాను. గాలి అటువైపే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, కానీ బాగా తగ్గిపోతుంది.

చిక్కంతా విస్కస్ ఫ్యాన్‌తోనే. మధ్యలో గుండ్రటి డబ్బాలాంటిది ఉంటుంది, దాంట్లో సిలికాన్ ఆయిల్. డబ్బా ముందు చుట్టలు చుట్టిన లోహపు స్ప్రింగు, రేడియేటర్‌లోంచి వచ్చే గాలి వేడికి అది కదిలి లోపలి వాల్వు తెరుస్తుంది, ఆయిల్ ఫ్యాన్‌ను పట్టుకుంటుంది. వేడి లేనప్పుడు వదిలేస్తుంది. ఆయిల్ కారిపోతే ఫ్యాన్ తిరుగుతూనే కనిపిస్తుంది, గాలి మాత్రం లాగదు. "తిరుగుతోంది కదన్నా" అని అందరూ మోసపోయేది ఇక్కడే.

చేయి పెట్టే ముందు నా మాట వినండి. తాళం తీసి మీ జేబులో వేసుకోండి, క్లీనర్ చేతికివ్వొద్దు. పాత డీజిల్ ఇంజన్లకు స్టాప్ వైరు లాగితేగానీ ఆగనివి ఉన్నాయి, ఇంజన్ పూర్తిగా ఆగిందని కళ్లతో చూడండి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, చక్రాలకు రాళ్లు పెట్టాలి. మెడలో తువ్వాలు తీసి పక్కన పడేయండి. తిరుగుతున్న ఫ్యాన్‌కు కట్టెనో చుట్టిన పేపరునో అడ్డం పెట్టి "ఆగితే పాడైనట్టు" అని చెప్పేవాళ్లుంటారు. ఆ పరీక్ష మా షెడ్డులో చేస్తే బయటికి పంపేస్తాను. రెక్క విరిగితే అది ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. రేస్ ఇచ్చేటప్పుడు కూడా ఫ్యాన్‌కు తిన్నగా పక్కన నిలబడొద్దు.

ఇప్పుడు పరీక్ష. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద చేత్తో తిప్పండి, కొంచెం బరువుగా తిరగాలి. స్టార్ట్ చేస్తే ఒకటి రెండు నిమిషాలు హోరుమని, తర్వాత చప్పుడు తగ్గాలి. బండి బాగా వేడెక్కాక మళ్లీ ఆ హోరు రావాలి. వచ్చిందా, ఫ్యాన్ పనిచేస్తోంది. వేడి ఇంజన్ ఆపి తిప్పితే గట్టిగా పట్టేసినట్టు ఉండాలి. గిరగిరా తిరిగితే ఆయిల్ పోయింది. డబ్బా మీద మధ్య నుంచి బయటికి జిడ్డు గీతలు కనిపిస్తాయి. జిడ్డు లేకపోతే స్ప్రింగు మీద మట్టి గట్టిపడిందేమో చూడండి, బ్రష్‌తో శుభ్రం చేస్తే లేచి కూర్చున్న బండ్లున్నాయి. వేడి మీద ఇంజన్ నడుస్తుండగా అట్టముక్కను ముందు జాలీ వైపు నుంచి రేడియేటర్‌కు ఆనించండి, అతుక్కుని నిలబడాలి. ముందు నుంచే, ఫ్యాన్ వైపు నుంచి కాదు.

తాండూరు నుంచి నాపరాళ్లు తెచ్చే ఒకాయన అనంతగిరి ఘాట్‌లో ప్రతి ట్రిప్పూ ఆపుకుని నీళ్లు పోసుకునేవాడు. ఎక్కడో రెండుసార్లు హెడ్, అంటే ఇంజన్ పై భాగం, విప్పి దింపారు, రేడియేటర్ కొత్తది వేశారు. నా దగ్గరికొచ్చినప్పుడు ఇంజన్ మసులుతోంది, ఫ్యాన్‌ను చిటికెన వేలితో తోస్తే మూడు చుట్లు తిరిగింది. విస్కస్ మార్చాం, అంతే.

ఆయిల్ పోయిన విస్కస్‌కు వెల్డింగ్ కొట్టి "డైరెక్ట్" చేయడం ఇంకో జబ్బు. హీటు తగ్గుతుంది, నిజమే. కానీ ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతూ డీజిల్ తాగుతుంది, పంపు బేరింగును తింటుంది. దారి మధ్యలో ఇంటికి చేరడానికైతే సరే, తర్వాత మార్చేయండి. విప్పేటప్పుడు కొన్నింటికి మర తిరగేసి ఉంటుంది, కుడివైపు తిప్పితేనే వదులవుతుంది, బలం పెట్టే ముందు చూసుకోండి. కొత్త యూనిట్‌ను నేల మీద పడుకోబెట్టొద్దు, బండికి ఎలా ఉంటుందో అలా నిలబెట్టి ఉంచండి, లేకపోతే ఆయిల్ కారుతుంది.

చిన్న ట్రక్కుల్లో కరెంటు ఫ్యాన్ ఉంటే పని తేలిక. బ్యాటరీ నుంచి మోటారుకు నేరుగా వైరు పెట్టండి. తిరిగితే మోటారు మంచిదే, ఫ్యూజు, రిలే, సెన్సర్ వరసగా చూసుకోండి. ఇది తాళం తీసినా ఉన్నట్టుండి తిరగగలదు, చేయి పెట్టే ముందు బ్యాటరీ వైరు విప్పండి.

ఫ్యాన్ బాగుంటే

రేడియేటర్ అంతటా గన్ తిప్పండి. మధ్యలో ఒక్కచోట చల్లగా ఉంటే అక్కడ గొట్టాలు పూడాయి. థర్మోస్టాట్‌ను వేడినీళ్ల గిన్నెలో వేసి, దాని మీద రాసిన డిగ్రీల దగ్గర తెరుచుకుంటోందా చూడండి. పాడైతే మార్చండి, తీసేసి వదిలేయొద్దు. రేస్ ఇస్తే కింది హోస్ నొక్కుకుపోతే హోస్ మార్చాలి. రేడియేటర్ క్యాప్ దగ్గర ఆగకుండా బుడగలు, ఆయిల్‌లో పాలరంగు, సైలెన్సర్‌లో తెల్లటి పొగ, ఇవి కనిపిస్తే అప్పుడు హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే ప్యాకింగ్) గురించి మాట్లాడదాం.

క్యాప్‌ను వేడి మీద తీయొద్దు, కనీసం 45 నిమిషాలు ఆగండి. క్యాప్ చిన్న వస్తువే అయినా తేలిగ్గా తీసుకోకండి. మన హైదరాబాద్ ఎత్తుకు మామూలు నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 0.9 బార్ క్యాప్ లోపలి ఒత్తిడిని సరిగా పట్టి ఉంచితే 115 దాటాక గానీ మరగవు. రబ్బరు ఎండిపోతే ఆ లాభం పోయినట్టే.

బోరు నీళ్లు మాత్రం పోయకండి. మన బోరు నీళ్ల కాఠిన్యం మీ ఇంట్లో గీజర్ విప్పితే తెలుస్తుంది, అదే తెల్లటి పెంకు రేడియేటర్ గొట్టాల్లో కడుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి. ఇంజన్ చల్లగా ఉండగానే క్యాప్ తీసి, తర్వాత నడుపుతూ బుడగలు ఆగేదాకా నింపండి, థర్మోస్టాట్ తెరుచుకున్నాక మట్టం ఒక్కసారి పడుతుంది, మళ్లీ పోయాలి. క్యాప్ పెట్టి, లోడుతో ఒక ట్రిప్పు తిప్పండి. మర్నాడు పొద్దున్న చల్లటి మీద మట్టం చూసుకోండి.