ఫ్రెంచి దంపతుల దంతపు బొమ్మలు: డెల్టా తేమలో దాచుకునే పద్ధతి

అరచేతిలో ఇమిడే, గాజు ఫ్రేములో బిగించిన రెండు కోల ముఖచిత్రాలు, ఒకదాంట్లో భర్త, రెండోదాంట్లో భార్య. పద్దెనిమిదో శతాబ్దంలోనూ పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనూ ఫ్రాన్సులో ఇలాంటివి జంటగా వేయించుకునేవారు. మిల్లీమీటరు మందం కూడా లేని ఏనుగు దంతపు రేకు మీద, తుమ్మజిగురు కలిపిన నీటిరంగులతో వేసేవారు. పారిస్‌లో ఒగుస్తాఁ, ఇసాబే ఈ పనిలో పేరున్నవాళ్ళు. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న యానాంలో గానీ, కాకినాడలో, అమలాపురంలో గానీ ఇలాంటి జంట మీ చేతికొస్తే ముందు చేయాల్సింది ఒక్కటే: ఫ్రేము విప్పకండి.

బల్ల మీద మడత దుప్పటి పరిచి, దాని మీద పెట్టి చూడండి. కంసాలి కంటికి పెట్టుకునే పది రెట్ల అద్దం, ఒక చిన్న టార్చి చాలు. టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేయాలి. చేత్తో వేసిన ముఖంలో చుక్కలు చిన్నవీ పెద్దవీ కలిసి, బుగ్గ వంపు వెంట తిరుగుతాయి. చుక్కలన్నీ ఒకే సైజులో వరసలు కట్టాయంటే అది అచ్చు, పైన రంగు పూసి ఉంటారు. దంతంలో సన్నని గీతలు కాస్త అలల్లా నడుస్తాయి. గీతలు స్కేలు పెట్టి గీసినట్టుంటే సెల్యులాయిడ్ (దంతంలా కనిపించే పాతకాలపు ప్లాస్టిక్) అని అనుమానించాలి. సూది కాల్చి గుచ్చి చూడమనేవాళ్ళ మాట వినకండి. సెల్యులాయిడ్ అయితే అంటుకుంటుంది, దంతమైతే మచ్చ పడుతుంది.

సంతకం సాధారణంగా అంచు వెంబడి ఉంటుంది. పేరు పక్కన 'ఆన్ 7' లాంటిది కనిపిస్తే అది ఫ్రెంచి విప్లవం నాటి పంచాంగం లెక్క, అంటే 1798-99. పేరు గొప్పదైనంత మాత్రాన నమ్మకండి, పెద్దల సంతకాలు తర్వాతి రోజుల్లో చాలామంది పెట్టారు.

రెండూ నిజంగా జంటేనా అన్నది వేరే ప్రశ్న. కొలతలు, ముఖం వెనక నేపథ్యపు రంగు, ముఖం మీద వెలుగు పడే వైపు, బట్టల కాలం పోల్చండి. ఆయనకు పద్దెనిమిదో శతాబ్దపు పౌడరు విగ్గు, ఆవిడకు 1830ల నాటి ఉబ్బు చేతుల గౌను ఉంటే ఎవరో కలిపిన జంట. ఎక్కువగా చూసేవారి ఎడమ చేతివైపు భర్త, కుడివైపు భార్య ఉంటారు. అంటే భర్తకు ఆవిడ ఎడమ పక్కన, మన లెక్కలోనూ వామభాగమే. తారుమారుగా పెడితే ఇద్దరూ పెడమొహాలు పెట్టుకున్నట్టుంటారు.

ఒక బొమ్మ బుగ్గలు మాత్రమే పాలిపోయి ఉంటే కంగారు పడకండి. బుగ్గల ఎరుపు వెలుతురుకి తొందరగా పోయే రంగు, ఆ బొమ్మ కిటికీ దగ్గర ఎక్కువకాలం ఉండి ఉంటుంది. కానీ గాజు లోపలి వైపు చెమట పట్టినట్టు సన్నని బొట్లు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. అది పాత గాజు జబ్బు, ఆ క్షారం రంగు మీద పడితే తినేస్తుంది. గాజు మార్చడం పాత కళావస్తువులను బాగుచేసే సంరక్షకుల పని. లక్నోలో ఇందుకు జాతీయ పరిశోధనశాల ఉంది.

ఇక తేమ. దంతం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. వెనక అట్టకు అంటించి ఉండటం వల్ల సమంగా కదల్లేక అప్పడంలా వంగి, చివరికి నిలువునా చీలుతుంది. రాత్రి ఏసీ వేసి పగలు ఆపేసే గది దీనికి అన్నిటికంటే చెడ్డది. నిలకడైన 60 శాతం తేమ, రోజూ 50కీ 80కీ మధ్య ఊగడం కంటే మేలు. 65 దాటి నిలిస్తే మాత్రం జిగురుకు బూజు పడుతుంది.

గట్టి మూత ఉన్న ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, చిన్న డిజిటల్ తేమమీటరు, తేమ పీల్చే సిలికా జెల్ గింజలు 100 గ్రాములు తీసుకోండి. ముందు మీటరును పరీక్షించండి: సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంత నీళ్ళు కలిపి, మీటరుతో పాటు జిప్ కవర్లో ఒక రాత్రి ఉంచితే 75 చూపాలి. ఎంత తేడా ఉంటే అంత గుర్తుపెట్టుకోండి. కొత్త జెల్‌ను నేరుగా డబ్బాలో పోయకూడదు, గాలి ఒక్కసారిగా ఎండి దంతం చీలుతుంది. 50-55 శాతం తేమ నిలిచే గదిలో పళ్ళెంలో పరిచి రోజూ కలపండి. వంటింటి తూకంలో బరువు పెరగడం ఆగాక గుడ్డసంచిలో కట్టి డబ్బాలో పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగాయని పారేయకండి, ఈ తేమలో అలా ఉండాల్సిందే.

బొమ్మలను ఆమ్లం లేని కాగితంలో విడివిడిగా చుట్టండి. కలరా ఉండలు, కర్పూరం దగ్గరికి రానివ్వొద్దు. గాజు తుడవడానికి పొడి పాత పంచె ముక్క చాలు. స్ప్రే కొడితే నీరు ఇత్తడి అంచు సందులోంచి దిగి రంగును కరిగిస్తుంది.

అమ్ముదామనుకుంటే ఒక అడ్డు ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో దంతం క్రయవిక్రయాలు నిషేధం. వంద ఏళ్ళు దాటిన కళావస్తువులకు అదే ఏటి పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది. వారసత్వంగా వచ్చినవైనా అటవీ శాఖను అడిగి కాగితాలు సరిచూసుకోండి.

తుపాను రోజుల్లో డబ్బాను నేల బీరువాలోంచి పై అంతస్తుకు మార్చండి. కరెంటు పోయినన్నాళ్ళూ మూత తెరవకండి. తర్వాత కూడా గదిలో తేమ మామూలుకు వచ్చాకే తీసి చూడండి.