పట్నం పొలిమేర దాకా వచ్చినప్పుడు: గంజాం సరిహద్దు పల్లెల్లో భూమిని నిలుపుకోవడం ఎలా

ఊరి పక్క పొలంలో రాళ్లు పాతి ప్లాట్లు వేయడం మొదలైన నాడే ఆ ఊరివారు తమ కాగితాలు బయటికి తీయాలి. భూసేకరణ నోటీసు వచ్చాక అభ్యంతరం చెప్పుకోవడానికి చట్టం ఇచ్చే గడువు సాధారణంగా 60 రోజులు, జాతీయ రహదారి విషయంలో 21 రోజులు మాత్రమే. ఆ లోపల తాతగారి పేరిట మిగిలిపోయిన పట్టాను మనుమల పేరిటికి మార్పించుకోవడం అయ్యే పని కాదు. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాలకు రికార్డులన్నీ ఒడియాలో ఉండడం మరొక చిక్కు. అందువల్ల ఈ వ్యాసంలో కాగితాలకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. ధర్నాలూ ఊరేగింపులూ అవసరమే గాని, వాటిని మన ఊళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు.

రికార్డు సరిచూసుకోవడం

గంజాం 1936 మార్చి నెలాఖరు వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక, తెలుగులో రాసిన పాత దస్తావేజులు, జమీందారీ కాలపు శిస్తు రసీదులు కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. వారసత్వం నిరూపించుకోవడానికి అవి పనికివస్తాయి కాబట్టి భద్రపరచాలి. అయితే నేడు తహసీల్దారు ముందుగా చూసేది ఒడియాలో ఉన్న హక్కుల రికార్డు, అంటే ఖతియాన్‌నే. భూలేఖ్ వెబ్‌సైటులో జిల్లా, తహసీలు, మౌజా (రెవెన్యూ గ్రామం) ఎంచుకొని, ఖాతా నంబరుతోనో ప్లాటు నంబరుతోనో దానిని చూడవచ్చు. అందులో పేరు, వాటా, విస్తీర్ణం, కిసమ్ అనే నాలుగింటినీ ఒడియా చదవగలిగిన మనిషి చేత అక్షరం అక్షరం చదివించుకోవాలి. తెలుగు ఇంటిపేరు ఒడియాలో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకొక రకంగా ఉంటే పరిహారం చెల్లించే రోజున అదే పెద్ద తగవు అవుతుంది. చనిపోయినవారి పేరు ఇంకా ఉంటే మ్యూటేషన్‌కు (పేరు మార్పునకు) వెంటనే దరఖాస్తు చేయాలి. అన్నదమ్ముల మధ్య పంపకాలు నోటిమాటగా జరిగి ఉంటే వాటినీ ఇప్పుడే రిజిస్టరు చేయించుకోవడం మేలు.

కిసమ్ అంటే భూమి రకం. వరి పండే శారద భూమికీ, ఇల్లు కట్టుకునే ఘరబారి భూమికీ విలువలో చాలా తేడా ఉంటుంది. ఏళ్ల తరబడి ఇల్లు నిలిచి ఉన్న స్థలం రికార్డులో ఇంకా శారదగానే ఉంటే, 1960 నాటి ఒడిశా భూసంస్కరణల చట్టం 8ఎ సెక్షన్ కింద తహసీల్దారు వద్ద మార్పించుకోవచ్చు. అలాగని దళారి మాట విని పండే పొలమంతటినీ మార్పిస్తే, రెండు పంటలు పండే సాగునీటి భూమిని చివరి మార్గంగా తప్ప తీసుకోరాదన్న చట్టపు రక్షణను చేతులారా వదులుకున్నట్టవుతుంది.

ఇక ఊరుమ్మడి భూములు. గోచర్ (పశువుల మేత భూమి), చెరువు గట్టు, శ్మశానం వంటివి ఖతియాన్‌లో ‘రఖిత’, ‘సర్వసాధారణ’, ‘అనాబాది’ అనే ఖాతాల కింద ఉంటాయి. వాటికి పట్టాదారు లేడు కనుక చేయి మారినప్పుడు ఏ ఇంటికీ నోటీసు రాదు. ఆ ప్లాటు నంబర్లన్నీ ఒక పుస్తకంలో రాసి, పటంలో గుర్తించి, కొలతలు వేసే అమీన్‌ను వెంటబెట్టుకొని హద్దులు నడిచి చూసి, ఊరివారంతా కూడే పల్లి సభలో తీర్మానంగా నమోదు చేయించాలి. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించడానికి పథకాలు రూపొందించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. ఆ తీర్పును అర్జీలో ఉదహరించడం మరువరాదు. గోపాలపురం తీరంలో తెలుగు మత్స్యకారులు పడవలు నిలుపుకొనే, వలలు ఆరబెట్టుకొనే ఇసుకకూ పట్టా ఉండదు. అక్కడివారు తీర మండల నిర్వహణ పటంలో తమ ఊరూ, తాము వాడుకొనే తీరమూ గుర్తించబడ్డాయో లేదో చూసుకోవాలి.

దళారి చేతికి ఏమి ఇవ్వకూడదు

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వకూడదు, ఖాళీ కాగితంపై సంతకం పెట్టకూడదు, అసలు పట్టాను ‘జిరాక్సు కోసం’ అని అడిగినా అప్పగించకూడదు. పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా జరిపే అమ్మకాల వల్ల హక్కు బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, కాని ఆ మాట కోర్టులో నిలబెట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది. షెడ్యూల్డ్ కులాల, తెగల వారి భూమిని ఇతరులు కొనాలంటే భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ కింద ముందుగా అనుమతి ఉండాలి. లేకుంటే అమ్మకం చెల్లదు. కొరాపుట్, రాయగడ జిల్లాలు పూర్తిగానూ, గజపతిలో కొంత భాగమూ ఆదివాసీల రక్షణ కోసం రాజ్యాంగం గుర్తించిన ఐదవ షెడ్యూలు ప్రాంతాలు. అక్కడ 1956 నాటి 2వ రెగ్యులేషన్ ఆదివాసీల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకుంటుంది. ఆదివాసీ పొరుగువారి పొలాన్ని బినామీ పేరుతో కొనిపెట్టమని మన తెలుగు వ్యాపారులే అడిగే సందర్భాలలో ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాలి.

ఊరిని కార్పొరేషన్‌లో కలుపుతామన్నప్పుడు

బరంపురం 2008లో మునిసిపల్ కార్పొరేషన్ అయింది. పట్నం పెరిగేకొద్దీ చుట్టుపక్కల పంచాయతీలను కలపాలన్న ప్రతిపాదనలు రావడం సహజం. వీధిదీపాలూ రోడ్లూ వస్తాయన్న సంబరంలో ఒక లెక్క మరుగున పడుతుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం గ్రామీణ భూమి మార్కెట్ విలువను, పట్నం నుండి ఉన్న దూరాన్ని బట్టి, 1 నుండి 2 వరకు ఉండే గుణకంతో హెచ్చిస్తారు. పట్టణ ప్రాంతంలో ఆ గుణకం 1 మాత్రమే. అంటే ముందు ఊరిని పట్నంలో కలిపి తరువాత భూమి సేకరిస్తే పరిహారం తగ్గిపోవచ్చు. పల్లి సభ పోతుంది, గ్రామీణ ఉపాధి పనీ పోతుంది. కాబట్టి విలీన ప్రకటన వెలువడగానే, అందులో చెప్పిన గడువు లోపల, ఈ నష్టాలను లెక్కలతో సహా రాసి అభ్యంతరం ఇవ్వాలి. బరంపురం డెవలప్‌మెంట్ అథారిటీ ముసాయిదా ప్రణాళిక ప్రకటించినప్పుడు కూడా ఇంతే: మన పొలం మీద రోడ్డు గీత పడిందో, పచ్చరంగు పడిందో అప్పుడే చూడాలి.

నోటీసు వచ్చిన తరువాత

మొదట ఏ చట్టం కింద వచ్చిందో చూడండి. జాతీయ రహదారుల చట్టం కింద 3ఎ ప్రకటన అయితే 21 రోజుల్లో అభ్యంతరం చెప్పాలి. రాయ్‌పూర్–విశాఖపట్నం కొత్త రహదారి వంటి పనులకు భూమి ఈ దారినే సేకరిస్తారు. 2013 చట్టం కింద అయితే ముందు సామాజిక ప్రభావ అధ్యయనమూ బహిరంగ విచారణా జరగాలి, ఆ తరువాతనే 11వ సెక్షన్ ప్రాథమిక ప్రకటన రావాలి. ప్రకటన ఒడియా పత్రికలో ఎక్కడో మూలన పడుతుంది కనుక, ఊరిలో ఒడియా చదివిన యువతకు రోజూ పత్రిక చూసే పని అప్పగించడం మంచిది.

ప్రైవేటు కంపెనీ కోసం అయితే 80 శాతం, ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం అయితే 70 శాతం బాధిత కుటుంబాల అంగీకారం కావాలి. ప్రభుత్వం తన సొంత అవసరానికి తీసుకుంటే ఈ నియమం వర్తించదు, అయితే షెడ్యూల్డ్ ప్రాంతాలలో గ్రామసభ ముందస్తు సమ్మతి తప్పనిసరి. అంగీకార పత్రాలపై ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకొనేవారికి ఒంటరిగా ఎవరూ జవాబు చెప్పకుండా, మాట్లాడేదంతా సభలోనే అని ఊరు ముందే కట్టుబాటు చేసుకోవాలి.

2013 చట్టం 15వ సెక్షన్ కింద కలెక్టరుకు ఇచ్చే అభ్యంతరంలో ‘మా భూమి మేమివ్వము’ అని మాత్రమే రాస్తే అది నిలవదు. ఆ భూమి ఈ పనికి తగినదా, అంత విస్తీర్ణం అవసరమా, చెప్పిన ప్రజాప్రయోజనం నిజమా, ప్రభావ అధ్యయనంలో రాసినవి సరైనవా అన్న అంశాల చుట్టూ అది నడవాలి. పక్కన బీడు భూమి ఉంటే దాని ప్లాటు నంబరు ఇవ్వండి; అధ్యయనంలో కౌలు రైతులను లెక్కించకపోతే వారి పేర్లు జతచేయండి. భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమిపై ఆధారపడి బతికిన కూలీలూ భాగచాషీలూ (పాలుకు సాగు చేసేవారూ) కూడా చట్టం దృష్టిలో బాధిత కుటుంబాలే. వరి అమ్మిన రసీదు, పల్లి సభ తీర్మానం వారికి ఆధారాలు అవుతాయి.

అర్జీని తెలుగులో ఇచ్చే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇస్తుంది. అయినా ఒడియా ప్రతిని పైన పెట్టి, తెలుగు ప్రతిని దానికి జతచేయమనే నా సలహా. హక్కు ఉన్నంత మాత్రాన గుమాస్తా చదవడు. ప్రతి కాగితానికీ తేదీతో రసీదు ముద్ర వేయించుకోవాలి. గంజాం కలెక్టరేటు బరంపురంలో కాక ఛత్రపురంలో ఉన్నదని కొత్తవారు గుర్తుంచుకోవాలి. దాచిపెట్టిన సర్వే పటాలూ నివేదికలూ కావాలంటే ఫారం ‘ఎ’లో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, జవాబు 30 రోజుల్లో రావాలి. వకీలును పెట్టుకోలేని మహిళలకూ, షెడ్యూల్డ్ కులాల, తెగల వారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవల సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

పల్లి సభ తీర్మానం ఎంత బలమైనదో రాయగడ వైపు వారికి తెలుసు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంపై, అటవీ హక్కుల చట్టం కింద, నియమగిరి బాక్సైట్ తవ్వకంపై రాయగడ, కలహండి జిల్లాల 12 పల్లి సభలు జిల్లా జడ్జి స్థాయి పరిశీలకుల సమక్షంలో జరిగి, పన్నెండూ వద్దన్నాయి. మన తీర్మానంలోనూ తేదీ, ప్లాటు నంబర్లు, హాజరైన స్త్రీ పురుషుల సంతకాలు ఉండాలి. రాసిన పేజీ ఫోటో అదే రోజు పది ఫోన్లలో ఉండాలి.

ధర విషయం

పరిహారానికి ఆధారం గత మూడేళ్ల రిజిస్టర్డ్ అమ్మకాలలో ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజుల సగటు, లేదా ప్రభుత్వ బెంచ్‌మార్క్ విలువ, ఏది ఎక్కువైతే అది. స్టాంపు ఖర్చు మిగులుతుందని అసలు ధర దాచి రిజిస్టరు చేసే అలవాటు ఇక్కడే ఊరంతటికీ ఎదురుతిరుగుతుంది. ఎకరం పది లక్షలనీ, గుణకం 1.5 అనీ అనుకుందాం: పదిహేను లక్షలకు చెట్లు, బావి, ఇంటి విలువ కలిపి, ఆ మొత్తానికి సమానంగా మరొక నూరు శాతం సాంత్వన పరిహారం చేరుస్తారు, పైగా మార్కెట్ విలువపై ఏటా 12 శాతం కలుస్తుంది. సర్వే నాడు చెట్లను దగ్గరుండి లెక్కించుకోవాలి.

డబ్బు తీసుకొనేటప్పుడు ‘ఆక్షేపణతో స్వీకరిస్తున్నాను’ అని రాసి సంతకం చేయాలి. ఆ ముక్క లేకుండా తీసుకున్నవారు పెంపు కోసం 2013 చట్టం 64వ సెక్షన్ కింద అడగలేరు. కలెక్టరు పరిహారం నిర్ణయించే అవార్డు వెలువడినప్పుడు అక్కడే ఉన్నవారికి అలా అడిగే గడువు ఆరు వారాలు. పూర్తి పరిహారం చెల్లించకుండా స్వాధీనం చేసుకోవడం 38వ సెక్షన్‌కు విరుద్ధం.

భూమి పోయినా ఫైలు మూసివేయకండి. 1990లలో గోపాలపురం దగ్గర ఉక్కు కర్మాగారం కోసమని ఊళ్లను కదిలించి తీసుకున్న భూమిలో ఆ కర్మాగారం రానే లేదు. తరువాత అది పారిశ్రామిక వాడగా మారింది. 2013 చట్టం కింద తీసుకున్న భూమి స్వాధీనమైన నాటి నుండి ఐదేళ్లు వాడకుండా ఉంటే, 101వ సెక్షన్ ప్రకారం అసలు యజమానికో వారసులకో, లేదా ప్రభుత్వ భూనిధికో (ల్యాండ్ బ్యాంకుకో) చేరాలి. ఆ రెండవ దారి తేలిక కనుక ప్రభుత్వం దానినే ఎంచుకోవచ్చు. అందుచేత స్వాధీనం నాటి పంచనామా నకలు దగ్గర ఉంచుకొని, ఏటా ఆ స్థలం ఫోటో తీసి తేదీ వేసి, ఐదేళ్లు నిండిన నెలలోనే భూమి తిరిగి ఇవ్వాలని కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వండి.