కొండ కింద సైకిల్ దారులు: కిలోమీటర్లు కాదు, పొద్దు చూసుకోవాలి

తిరుపతిలో కొత్తగా సైకిల్ కొన్నవాళ్లు ఎవరైనా మొదట అడిగేది ఘాట్ రోడ్డు గురించే. దాని జోలికి నేను పోవడం లేదు. కొండకి వీపు తిప్పి తూర్పుకో దక్షిణానికో పోతే స్వర్ణముఖి పక్కన చదును నేల ఉంది. వరి మళ్లు, శెనక్కాయ చేలు, మామిడి తోపులు, చెరువు కట్టలు, ప్రతి పది పదిహేను కిలోమీటర్లకీ ఒక పాత గుడి. నేను తిరిగేది ఈ దారుల్లోనే.

జూనియర్ కాలేజీలో బాటనీ చెప్తాను, వయసు యాభై దాటింది. ఆదివారం తెల్లవారుజామున హెల్మెట్ పెట్టుకుని బయల్దేరితే పాలబూత్ దగ్గర "యాడికి మేడమ్, ఇంత పొద్దున్నే?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు అలవాటై మానేశారు. స్టాఫ్ రూములో మాత్రం ప్రశ్నలు ఆగలేదు. ఏ సైకిల్ కొనాలి, ఎంత దూరం పోవచ్చు, కుక్కలు వెంటపడితే ఎలా, బాత్రూమ్ సంగతేంటి అని అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు టైమ్ సంగతి. కొత్తవాళ్లు ఫోన్ తీసి దూరం చూస్తారు. "యాభై కిలోమీటర్లేగా, గంటకి ఇరవై లెక్కన రెండున్నర గంటలు" అనుకుంటారు. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు. ఎండ ఎప్పుడు ముదురుతుంది, గుడి ఎప్పుడు మూస్తారు, హైవే మీద లారీలు ఎప్పుడు పెరుగుతాయి, ఈ మూడూ చూసుకుని అందులో ఎన్ని కిలోమీటర్లు పడతాయో తేల్చుకోవాలి. చిన్న ఊళ్ల గుళ్లు మధ్యాహ్నానికి మూస్తే మళ్లీ సాయంత్రమే తీస్తారు. పదకొండున్నరకి చెమటలు కక్కుతూ చేరి, మూసిన తలుపు చూసి రావడం కంటే ఇంట్లో పడుకోవడం మేలు. ఐదున్నరకల్లా ఊరు దాటాలి. ఎనిమిదికి గుడిలో ఉండాలి. చలికాలంలో పదకొండింటికి ఇల్లు చేరినా ఫర్వాలేదు, మార్చి నుంచి మాత్రం తొమ్మిదిన్నర దాటనివ్వకండి. మే నెలలో ఇక్కడ నలభై డిగ్రీలు దాటడం మామూలే. కింద తారు కాలుతుంటుంది, పైన నీడ ఉండదు.

డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలోనే పడతాయి. అప్పుడు పల్లె రోడ్ల మీద వంకలు పొంగుతాయి. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎలా వచ్చిందో ఈ జిల్లాలో అందరికీ గుర్తే. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే లోతు ఎంత అని చూడకుండా వెనక్కి తిరగండి. బురద నీళ్ల కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైనుంచి తెలియదు.

సైకిల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మీ ఒంటికి సరిపోయే సైజు ఏదైనా చాలు. సన్న టైర్ల మోజు మాత్రం వద్దు. 28 మిల్లీమీటర్లు ఉండాలి, ఫ్రేములో చోటుంటే 32 ఇంకా మంచిది. పల్లెల్లో స్పీడ్ బ్రేకర్లకి పెయింట్ ఉండదు, ఊరి మొదట్లో ఒకటి, బడి దగ్గర ఒకటి, ఎవరో పెద్దమనిషి ఇంటి ముందు ఇంకొకటి ఉంటాయి. రోడ్డు సైకిళ్ల ట్యూబులకి చాలావాటికి సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటుంది. పల్లెటూరి సైకిల్ షాపులో ఉండే పంపు దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వ్‌కే బిగించి ఉంచండి. బ్యాగులో వేస్తే అవసరానికి దొరకదు.

ఇక ముళ్లు. ఈ ప్రాంతంలో పంక్చర్ అంటే నూటికి తొంభై పాళ్లు సర్కారు తుమ్మే. నాటు తుమ్మ కాదు, ఇది బయటి నుంచి వచ్చింది. అమెరికా ఖండాల చెట్టు, వంటచెరకు కోసమని 1870ల్లో మన దేశానికి తెచ్చి కడప వైపు నాటారు. ఇప్పుడు చెరువు గర్భంలో, రోడ్డు వారన, బీడు భూముల్లో ఎక్కడ చూసినా అదే. ఆకు కణుపు దగ్గర జంటగా ముళ్లు వస్తాయి. కట్టెల ట్రాక్టరు నుంచి ఒక్క రెమ్మ రాలి పడినా చాలు, టైర్లు దానిమీద పోయి పోయి రెమ్మ నలిగిపోతుంది, ముళ్లు మాత్రం రోడ్డు మీద మిగిలిపోతాయి. ట్రాక్టరు టైరుకి అది లెక్క కాదు.

పంక్చర్ అయ్యాక చాలామంది ట్యూబు మార్చేసి బయల్దేరతారు. అర కిలోమీటరు పోగానే మళ్లీ గాలి దిగిపోతుంది. ఎందుకంటే ముల్లు మొన విరిగి టైరు రబ్బరులోనే ఉండిపోతుంది, బయటికి కనబడదు. పాత ట్యూబుకి కొంచెం గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకుని తిప్పండి, గాలి తగిలే చోటు తెలుస్తుంది. ఆ ట్యూబుని వాల్వ్ చోటు సరిపోయేలా టైరు పక్కన పెట్టి చూస్తే ముల్లు టైరులో సుమారు ఎక్కడుందో దొరుకుతుంది. దూది ఉండ తీసుకుని టైరు లోపలి వైపు మెల్లగా రుద్దండి, ముల్లు దాగిన చోట దూది పోగు పట్టుకుంటుంది. వేలితో వెతికితే గోరు కింద దిగుతుంది. కనుబొమలు తీసే చిన్న పట్టకారు ఒకటి బ్యాగులో ఉంచుకుంటే ఆ మొనని పీకడానికి దాన్ని మించింది లేదు. రెండు ట్యూబులు, ప్యాచులు, టైర్ లీవర్లు, చేతి పంపు, దూది, పట్టకారు. ఇంతకంటే మోయక్కర్లేదు.

కోతల కాలంలో రోడ్డే కళ్లం. రోడ్డులో సగం వడ్లో శెనక్కాయలో ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి పెడతారు. వాటిమీదుగా పోకండి. చక్రం జారుతుంది, పైగా అది వాళ్ల ఆరునెలల కష్టం. వరిగడ్డి ఇంకా ప్రమాదం. చూడ్డానికి మెత్తగా ఉంటుంది గానీ వెనక గేర్లలో చుట్టుకుని, గేర్లు మార్చే డీరైలర్‌ని చక్రంలోకి లాగేస్తుంది. గడ్డి పరిచి ఉంటే దిగి, సైకిల్ ఎత్తుకుని నడవండి, రెండు నిమిషాల పని. జూన్, జూలైల్లో చిత్తూరు వైపు పోతే తోతాపురి మామిడి లోడ్లతో ట్రాక్టర్లు జ్యూస్ ఫ్యాక్టరీల ముందు వరసగా ఆగి ఉంటాయి. కుడివైపు నుంచి దాటేటప్పుడు ట్రాక్టర్ల సందులోంచి మనుషులు హఠాత్తుగా వస్తారు, బెల్ కొడుతూనే ఉండండి.

కుక్క వెంటపడితే తొక్కుతూ పారిపోవాలని చూడకండి. ఆగి, దిగి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్య అడ్డం పెట్టి, రాయి తీసుకుంటున్నట్టు వంగండి. ఊరకుక్కలకి ఆ వంగడం బాగా తెలుసు.

బట్టల విషయం. టైట్ షార్ట్స్ వేసుకుని గుళ్లోకి పోతే పూజారి ఏమీ అనకపోయినా అక్కడి పెద్దావిడ ఎవరో ఒకరు అంటారు. మగవాళ్లు పల్చటి పంచె ఒకటి చుట్టగా చుట్టి హ్యాండిల్ బ్యాగులో పెట్టుకోండి. నేను షార్ట్స్ మీద వదులు ప్యాంటు, పొడుగు కుర్తా వేసుకుంటాను, చున్నీ మాత్రం గుడి దగ్గరే తీస్తాను. చున్నీతో సైకిల్ తొక్కకూడదు, చక్రంలో పడితే మెడకే ముప్పు. ప్యాంటు కుడి కాలికి రబ్బరు బ్యాండు వేయండి. బాత్రూమ్ సంగతికొస్తే, హైవే వదిలి పల్లె రోడ్డులోకి తిరిగే ముందే పెట్రోల్ బంకులో చూసుకోవాలి. లోపలికి పోయాక ఏమీ ఉండవు. బాత్రూమ్‌కి భయపడి నీళ్లు తాగడం తగ్గించే ఆడవాళ్లని చూశాను. అదొక్కటీ చేయకండి. గంటకి అర లీటరు తప్పకుండా పోవాలి, ఎండలో ఇంకా ఎక్కువే. ఒక సీసాలో ఓఆర్ఎస్ కలుపుకోండి. బయల్దేరే ముందు రెండు అరటిపండ్లు తినండి, దారిలో వేడి ఇడ్లీ, శెనక్కాయ చట్నీ దొరుకుతాయి. పొంగలి మాత్రం తిరుగు ప్రయాణం అయ్యాకే. నెయ్యి పొంగలి తిని సైకిలెక్కితే నిద్రొస్తుంది.

మొదటిసారికి చంద్రగిరి. శ్రీనివాస మంగాపురం మీదుగా పదిహేను కిలోమీటర్ల లోపే. మంగాపురంలో కల్యాణ వెంకటేశ్వరుడిని చూసుకుని కోటకి పోండి. విజయనగర రాజులు చివరి రోజుల్లో ఏలిన కోట ఇది. 1639లో ఇంగ్లీషువాళ్లకి మద్రాసు స్థలం దక్కిన నాటికి అధికారం చంద్రగిరి రాజులదే. రాజమహల్‌లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు. సైకిల్ షూ అడుగున పెడల్‌కి తగిలించుకునే ఇనుప క్లీట్ ఉంటే రాతి మెట్ల మీద జారతారు, మామూలు చెప్పులు తెచ్చుకోండి.

నాకు బాగా ఇష్టమైన దారి గుడిమల్లం. రేణిగుంట దాటి శ్రీకాళహస్తి రోడ్డులో కొంత దూరం పోయి, కుడివైపు పాపానాయుడుపేటకి తిరగాలి. తిరుపతి నుంచి పాతిక కిలోమీటర్లకి అటూ ఇటూ. రేణిగుంట దాకా ట్రాఫిక్ తప్పదు, అందుకే చీకటితో బయల్దేరమనేది. మలుపు తిరిగాక లారీల హోరు వెనకబడుతుంది. పాపానాయుడుపేట గాజుపూసలకి పేరున్న ఊరు. కొలిమిలో కరిగిన గాజుని సన్న గొట్టంలా సాగదీసి, ముక్కలు కోసి పూసలు చేసే పాత పద్ధతి ఇక్కడ తరాలుగా నడిచింది. అక్కడి నుంచి గుడిమల్లం దగ్గరే.

పరశురామేశ్వరాలయం బయటికి చిన్నదిగా కనిపిస్తుంది. లోపల గర్భగుడి మిగతా నేలకంటే పల్లంలో ఉంటుంది. ఐదడుగుల లింగం, దానిమీదే నిలబడ్డ శివుడు. చేతిలో పొట్టేలు, ఇంకో చేతిలో కమండలం, భుజాన గొడ్డలి, కాళ్ల కింద యక్షుడు. క్రీస్తుకి పూర్వం రెండు, ఒకటి శతాబ్దాల నాటిదని ఎక్కువమంది పండితుల లెక్క. పల్లె గుడి కాబట్టి జనం తక్కువ, ఎనిమిదింటికి పోతే నిదానంగా చూడనిస్తారు. బయటికి వచ్చి గుడి వెనక్కి కూడా పోండి, విమానం ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగి ఉంటుంది. కాళ్లలో ఓపిక ఉంటే అటునుంచి అటే శ్రీకాళహస్తి పోవచ్చు. కానీ రాహుకేతు పూజల జనంలో సైకిల్ పెట్టే చోటు చూసుకోవడమే టెన్షన్. నేనైతే కాళహస్తికి కలంకారీ కోసం బస్సులో విడిగా పోతాను.

మూడోది, కాళ్లు కుదిరాక పోయేది, పుత్తూరు వైపు. నారాయణవనంలో పద్మావతమ్మని పెళ్లి చేసుకుని స్వామి అప్పలాయగుంటలో ఆగి, మంగాపురంలో ఆరునెలలు ఉన్నాడని స్థలపురాణాలు. ఆ పెళ్లిదారిని వెనకనుంచి తొక్కుకుంటూ పోతామన్నమాట. నారాయణవనం గుడిలో పెళ్లికి పిండి విసిరిందని పెద్ద తిరగలిని చూపిస్తారు. చెన్నై రోడ్డు లారీలదే, హెల్మెట్, వెనక ఎర్ర లైటు లేకుండా ఎక్కొద్దు. విరిగిన ఎముకలకి వేసే పుత్తూరు కట్టు ఎంత పేరున్నదైనా ఆ కట్టు కోసం పోవాల్సిన అవసరం మనకి రాకూడదు. తమిళుల పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో, తమిళనాడు నుంచి పసుపు బట్టల భక్తులు ఈ రోడ్డు వారన గుంపులుగా నడిచి వస్తారు, ఆ నెల వాళ్లకి వదిలేయండి. కారులో సైకిల్ వేసుకుని పుత్తూరు దాకా పోయి, అక్కడినుంచి నారాయణవనం, నాగలాపురం తొక్కి వస్తే ఒక పూట సరిపోతుంది.

నాగలాపురం వేదనారాయణస్వామి గుడి కృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరిట వెలిసిన ఊళ్లో ఉంది. మార్చిలో కొన్ని రోజులు సూర్యకిరణాలు స్వామి పాదాల నుంచి పైకి పడతాయి. అవి చూడాలని అందరికీ ఉంటుంది గానీ, అది సాయంత్రం ఆరింటి సమయం. జనం విపరీతం, తిరుగుదారి అంతా చీకటి. ఆ రోజుకి మాత్రం సైకిల్ ఇంట్లో పెట్టి బస్సెక్కండి.