కెమెరా కోసం ఫోను కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇవి చూసుకోండి

– డబ్బా మీద 200 మెగాపిక్సెళ్లు అని చూడగానే మురిసిపోకండి. ఆ కెమెరా మామూలుగా 16 పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ల ఫోటోనే ఇస్తుంది. 50 మెగాపిక్సెళ్లదీ నాలుగేసి కలిపి అంతే ఇస్తుంది. అడగవలసింది సెన్సర్ (వెలుతురును పట్టి ఫోటోగా మార్చే ముక్క) పరిమాణం. 1/1.56 అంగుళాలది 1/2.76 దానికంటే పెద్దది. కింది అంకె ఎంత చిన్నదైతే వెలుతురు అంత ఎక్కువ పడుతుంది.

– వెనక ఎన్ని కళ్లున్నాయో లెక్కపెట్టకండి. 2 మెగాపిక్సెళ్ల మాక్రో (చాలా దగ్గరి నుంచి తీసే) కెమెరా చాలావరకు దిష్టిబొమ్మే.

– దుకాణంలో అన్ని లైట్ల కింద ఏ ఫోనైనా బాగానే తీస్తుంది. బల్ల కింద చీకటిని తీయండి. చెయ్యి ఊపుతున్న మనిషిని తీయండి. పెళ్లి పందిట్లో పరుగెత్తే పిల్లలు ఎలా వస్తారో అక్కడే తేలిపోతుంది. నడుస్తూ వీడియో తీసి చూడండి, ఓఐఎస్ (చెయ్యి కదిలినా ఫోటో చెదరకుండా లోపలే సర్దే ఏర్పాటు) ఉందా అని అడగండి. అమ్మేవారు విసుక్కున్నా ఫరవాలేదు, డబ్బు మీది.

– ముఖాన్ని నునుపు చేసే బ్యూటీ మోడ్ ఆపేసి ముఖం తీయండి. చామనఛాయను మీగడ తెలుపు చేసే ఫోనులున్నాయి. మా అమ్మ ఒకసారి తన ఫోటోనే చూసి "ఈవిడ ఎవరు?" అని అడిగింది.

– తీసిన ఫోటోను తెర మీద పెద్దది చేసి అంచులు మసకబారాయేమో చూడండి.

– జూమ్ ఆప్టికలా (లెన్సే దగ్గరకు తెచ్చేది), డిజిటలా? రెండోదైతే ఫోటోను కత్తిరించి పెద్దది చేయడమే.

– 4కె వీడియో నిమిషానికి వందల మెగాబైట్లు మింగుతుంది. మెమొరీ కార్డుకు చోటు లేకపోతే 256 జీబీ తీసుకోండి.